అయిపోయింది, పోండి

జాక్మెల్ ఊళ్లో సముద్రం వైపు దిగే వీధిలో సెలానీజ్ నడిపిన భోజనాల కొట్లో వంట ఎప్పుడూ అయిపోయే ఉండేది. పొయ్యి మీంచి దించకముందే అయిపోయేది. దించి మూత తీశాక, ఆవిరి వీధి మలుపు దాకా పాకి, ఎదురు మేడ ఇనప కటకటాల మీద ఆరేసిన దుప్పట్లకి కూడా పంది మాంసం వేపుడు వాసన పట్టాక కూడా అయిపోయే ఉండేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆవిడ తలెత్తకుండా ఒకే మాట అనేది.

"అయిపోయింది."

ఆ ఊళ్లో, ఆ మాటకొస్తే హైతీ దేశమంతటా, ఎవరి గడప ముందుకు వెళ్లినా బయట నిలబడి "ఓనే" అనాలి. మీకు నా మర్యాద అని. లోపలివాళ్లు "రెస్పే" అనాలి. మీకూ మా గౌరవం అని. కొట్లాటకి వచ్చినవాడు కూడా ముందు ఓనే అని, రెస్పే అనిపించుకుని, ఆ తరవాతే చొక్కా చేతులు పైకి మడుస్తాడు. అలాంటి గడ్డ మీద పుట్టి, ఓనే అన్నవాడికి "అయిపోయింది" అని జవాబు చెప్పిన మనిషి సెలానీజ్ ఒక్కతే.

పరాయి ఊరివాళ్లు ఆ మాట నమ్మి వెళ్లిపోయేవారు. వీధివాళ్లు కదిలేవారు కాదు. గుమ్మం పక్క గోడకి చేరబడి నిలబడేవారు. కూర్చోకూడదు. కూర్చుంటే "వంట లేదంటుంటే కుర్చీ తింటావా?" అని అడిగేది. నిలబడ్డవాణ్ని ముందు వాడి చొక్కా గురించి తిట్టేది, తరవాత వాడి ఉద్యోగం గురించి, ఆ తరవాత వాణ్ని అలా పెంచిన తల్లి గురించి. తిట్లు తల్లి దాకా వచ్చాయంటే భోజనం దగ్గర పడ్డట్టే. అప్పుడొక పళ్లెం వచ్చి బల్ల మీద పడేది. ఆవిడ పళ్లెం పెట్టడం ఎవరూ చూడలేదు. పడడమే చూశారు.

ఆ పళ్లెంలో చిక్కుడు గింజలతో కలిపి వండిన ఎర్రన్నం, పుల్ల నారింజ రసంలో ఊరబెట్టి వేయించిన మాంసం, నలగ్గొట్టి రెండోసారి నూనెలో వేసిన అరటికాయ ముక్కలు, పక్కన పిక్లిజ్ అనే క్యాబేజీ మిరపకాయల పచ్చడి ఉండేవి. పిక్లిజ్ తిన్నవాడు కాసేపు నోరు మెదపలేడు. తిట్లకి ఎవడూ ఎదురు చెప్పకుండా ఉండాలనే ఆవిడ దాన్ని అంత కారంగా చేస్తుందని వీధిలో గట్టి అభిప్రాయం.

ప్లీడరు బెలిజేర్ రోజూ అదే వేళకి, అదే నలిగిన కోటుతో వచ్చేవాడు.

"ఓనే, తాంత్."

"అయిపోయింది."

"మరి ఆ గుండిగలో ఏముంది తాంత్?"

"అడుగుంది."

"అడుగు మీద?"

"ప్లీడరు బాబూ, కోర్టులో నిన్నెవరూ మాట్లాడనివ్వటం లేదా? ఇక్కడికొచ్చి నన్ను బోనెక్కిస్తున్నావు. ఆ చొక్కా ఏమిటి, ఆవు నమిలి ఊసినట్టు? మీ అమ్మ నీకు ఇస్త్రీ కూడా నేర్పలేదా?"

తల్లి వచ్చేసింది కాబట్టి బెలిజేర్ సంతోషంగా చేతులు కడుక్కునేవాడు. తాంత్ అంటే అత్త. వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా సెలానీజ్‌ని తాంత్ అనే పిలిచేవారు, ప్రాణభయం చేత.

ఇన్ని తిట్లు తిని ఆ కొట్టుకే ఎందుకు వెళ్లేవారంటే, మిగతా కొట్లలో తిట్లు ఉండేవి కావు, రుచీ ఉండేది కాదు. ముఖ్యంగా ఆదివారం పొద్దున్న గుమ్మడికాయ సూపు. ఎముక మాంసం, క్యాబేజీ, దుంపలు, సేమ్యా గొట్టాలు, అన్నిటి మీదా తేలుతూ ఒక్క పచ్చి మిరపకాయ. గుండ్రంగా, మెరుస్తూ, చిన్న లాంతరులా ఉండే ఆ కాయని పగలనివ్వకూడదు. పగలకపోతే సూపుకి దాని వాసన పడుతుంది. పగిలిందా, సూపు తాగినవాడు సముద్రం దాకా పరిగెత్తాలి. ఒకసారి ఎవడో గరిటెతో దాన్ని పలకరించబోతే సెలానీజ్ గరిటె లాక్కుని వాణ్ని వీధి చివరిదాకా తరిమింది. తిరిగొచ్చి రొప్పుతూ, మిగిలినవాళ్లని చూసి, "మీకూ అయిపోయింది" అంది.

రెండు విషయాలు మాత్రం వీధికి ఎప్పుడూ అంతుపట్టలేదు. ఒకటి, అయిపోయిందనడానికీ పళ్లెం పడడానికీ మధ్య ఆవిడ తెర వెనక వంటింట్లోకి వెళ్లి చాలాసేపు మాయమయ్యేది. గరిటెల చప్పుడు, మూతల చప్పుడు, ఏదో గొణుగుడు వినిపించేవి. కోపం చల్లార్చుకోవడానికి వెళ్తుందని కొందరు, ఉన్న కోపం చాలక ఇంకాస్త తెచ్చుకోవడానికి వెళ్తుందని కొందరు అనేవారు. రెండోది, మాడు. గుండిగ అడుగున ఎర్రగా, కరకరలాడుతూ అంటుకునే అన్నం చెక్క కోసం ఆ దేశంలో అన్నదమ్ములు మాటలు మానేస్తారు. సెలానీజ్ కొట్లో ఒక్కడికీ మాడు పెచ్చు దొరికిన దాఖలా లేదు. అదీకాక ఆవిడ అన్నం రెండు గుండిగల్లో వండేది. ఒకటి ముందుకి వచ్చేది, రెండోది తెర దాటేది కాదు.

"ఇందులో చిక్కుముడి ఏముంది? రెండో గుండిగా, రెండు గుండిగల మాడూ ఆవిడే తింటోంది. ఆ నడుము చూసి కూడా అడుగుతారేమిటి?" అనేవాడు మెజిదోర్.

ఈ మెజిదోర్ కొట్టు సెలానీజ్ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. కార్నివాల్‌కి కాగితం మొహాలు చేసేవాడు. మట్టి అచ్చు మీద జిగురు కాగితాలు పొరలు పొరలుగా అంటించి, ఆరాక రంగులేసి, పులులు, కోళ్లు, దయ్యాలు, మంత్రులు తయారు చేసేవాడు. ఆయనా కోపిష్టే. రంగు ఆరకపోతే ఎండని తిట్టేవాడు, ఆరిపోతే గాలిని తిట్టేవాడు. భార్య అనసీల్ మధ్యాహ్నాలు బజార్లో గుడ్డలమ్మేది కాబట్టి ఆ పూట భోజనం ఎదురు కొట్లోనే. తనకన్నా కాస్త పెద్దదని సెలానీజ్‌ని అక్కా అనేవాడు. ఆవిడ ఆయన్ని "ఒరే జిగురూ" అనేది. ఇద్దరూ రోజూ తిట్టుకునేవారు. ఒకరు తిట్టకపోతే రెండోవారు ఒంట్లో బాగాలేదేమోనని అనసీల్‌ని ఆరా తీసేవారు.

ఆ స్నేహం ఒక కార్నివాల్‌కి చెడింది.

ఆ ఏడు మెజిదోర్‌కి ఏ పులీ నచ్చలేదు, ఏ మంత్రీ నచ్చలేదు. గుమ్మంలోంచి ఎదురుగా చూశాడు. సెలానీజ్ ఎవరినో కడిగేస్తోంది. వెంటనే మట్టి తడిపాడు. మనిషి ఎత్తులో సగం ఉన్న మొహం తయారైంది. ఉరిమే కళ్లు, సొరకాయంత ముక్కు, నుదుటికి ఎర్ర గుడ్డ, సగం తెరిచిన నోరు. దాన్ని తలకి తగిలించుకుని బెలిజేర్ ఊరేగింపులో నడిచాడు. పది అడుగులకోసారి ఆగి "అయిపోయింది" అనేవాడు. వెనక ఊరు ఊరంతా "పోండి" అనేది. ఆ ఏడు జాక్మెల్‌లో పులిని చూసినవాడు లేడు.

ఊరేగింపు కొట్టు ముందుకి వచ్చేసరికి సెలానీజ్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వాయిద్యాలు ఆగిపోయాయి. ఆవిడ ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. ఒక పక్కనుంచి చూసింది, రెండో పక్కనుంచి చూసింది. తరవాత మెజిదోర్ వైపు ఒక్క చూపు చూసి లోపలికెళ్లిపోయింది. ఏమీ అనలేదు. అందరికీ అప్పుడే భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం మెజిదోర్ మామూలుగా వచ్చి ఓనే అన్నాడు.

"అయిపోయింది."

గోడకి చేరబడ్డాడు. బెలిజేర్ వచ్చాడు, తిన్నాడు, వెళ్లాడు. బడి పంతుళ్లు వచ్చారు, తిన్నారు, వెళ్లారు. మెజిదోర్ నీడ గోడ ఎక్కి దిగింది. ఆవిడ ఆయన చొక్కాని తిట్టలేదు. పనిని తిట్టలేదు. తల్లి జోలికే పోలేదు. చివరికి గుమ్మం తలుపు వేస్తూ, "నీకు నిజంగానే అయిపోయింది" అంది.

ముక్కు మరీ పెద్దదిగా చేశాడని వీధి తేల్చింది. మెజిదోర్ కూడా అదే అనుకుని, ముక్కు సగానికి తగ్గిస్తానని బెలిజేర్ చేత కబురు పెట్టాడు. "ముక్కు జోలికి రావద్దని చెప్పు, అది బాగానే ఉంది" అని జవాబొచ్చింది. కళ్లు తగ్గిస్తానన్నాడు. కళ్లు కూడా బాగానే ఉన్నాయట. ఇక తగ్గించడానికి ఏమీ మిగలక మెజిదోర్‌కి కోపం వచ్చింది. ఆవిడ తిండి కోసం ఎవడు ఏడుస్తున్నాడని వీధంతా వినేలా అడిగాడు. ఆ రోజునుంచీ అనసీల్ పొద్దున్నే వండి మూతపెట్టి వెళ్లిన చల్లన్నం తింటూ, ఎదురు కొట్టు వాసన తగలకుండా ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేసేవాడు. రాజీ కుదర్చడానికి అనసీల్ ఇటూ అటూ తిరిగి విసిగిపోయి, మీ ఇద్దరికీ ఒక్కటే మొహం, ఆ కాగితానిదొక్కటే నయం అంది.

వానాకాలంలో అనసీల్ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే.

శవం దగ్గర జాగారానికి సెలానీజ్ వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లోకి జొరబడి, వచ్చినవాళ్లకి అల్లం టీ కాచి పోస్తూ అందర్నీ తిట్టింది. కుర్చీ అలా వెయ్యడమేమిటని తిట్టింది, పాట అంత మెల్లగా పాడడమేమిటని తిట్టింది. పెట్టెలో ఉన్న అనసీల్‌ని కూడా, చెప్పాపెట్టకుండా ఇలా చేస్తావా అని కసిరింది. మెజిదోర్ దగ్గరికి మాత్రం రాలేదు. ఆయనకి ఇవ్వాల్సిన కప్పు బెలిజేర్ చేతిలో పెట్టి, "ఆ మనిషికియ్యి" అంది. ఆ మనిషి దాన్ని పక్కన పెట్టేశాడు. అది చల్లారేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ తరవాత మెజిదోర్ కోపానికి హద్దు లేకుండా పోయింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లని ఓదార్చొద్దన్నాడు, రానివాళ్లని రాలేదన్నాడు. రొట్టె, అవకాడో తిని బతికాడు. అనసీల్ ప్రాణంగా చూసుకున్న పెద్ద సూపు గిన్నె ఒకటుంది. బతికుండగా దాన్ని ఆయన్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు కదా అని దాంట్లోనే మొహాలకి జిగురు కాచడం మొదలుపెట్టాడు. అది కూడా ఆవిడ మీద కోపమే. పోయినవాళ్లని అంతకన్నా ఎలా సాధిస్తారు.

అలా ఏడాది చివరికొచ్చింది. జనవరి ఒకటో తారీకు ముంచుకొచ్చింది.

ఆ పొద్దున్న హైతీలో సూపు తాగని మనిషి ఉండకూడదు. ఒకప్పుడు దొరలు బానిసల చేత వండించుకుని, వండినవాళ్ల నాలిక మీద చుక్క పడనివ్వని గుమ్మడికాయ సూపు అది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున వండినవాళ్లే కూర్చుని కడుపునిండా తాగారు. అప్పటినుంచీ ఆ రోజున ప్రతి ఇంట్లో అదే వండుతారు, గిన్నెలు గడపలు దాటి తిరుగుతాయి. ఆ రోజు సూపు అందలేదంటే, వీడికి లోకంలో ఎవరూ లేరని ఊరు తేల్చేసినట్టే. మెజిదోర్ పుట్టాక ఒక్క ఏడు కూడా ఆ సూపు తప్పలేదు. మొదట తల్లి పోసింది, తరవాత అనసీల్ పోసింది.

ఈసారి పోసేదెవరని వీధి జాలిపడుతుందేమోనని ఆయనకి ముందే కోపం వచ్చింది. అందుకని పండగకి వారం ముందే బెలిజేర్‌తో అబద్ధమాడాడు. మారిగో అనే పక్క ఊళ్లో ఉన్న మరదలు పిలిచిందనీ, పండగకి అక్కడే ఉంటాననీ చెప్పాడు. బెలిజేర్‌కి చెబితే వీధికి చెప్పినట్టే. ఇక ఆయనకి సూపు పంపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ సంగతి ఆయనకి పండగనాడు పొద్దున్న, తలుపులు బిగించుకుని చీకట్లో కూర్చున్నాకే తట్టింది.

సరే, తనే వండుకుంటాడు. గుమ్మడికాయ తెచ్చే ఉంచాడు. అనసీల్ చేస్తుంటే ఇన్నేళ్లు చూశాడు కదా. ముక్కలు కోశాడు, మాంసం వేశాడు, ఉన్న దుంపలన్నీ వేశాడు, మిరపకాయ కూడా తేల్చాడు. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె అదొక్కటే. జిగురు గిన్నె. కడిగాననే అనుకున్నాడు. కానీ నెలల తరబడి అంచుల్లో పేరుకున్న జిగురు వేడికి నెమ్మదిగా కరిగి సూపులో కలిసింది. మూత తీసేసరికి మిరపకాయ తేలటం లేదు, నాటుకుని ఉంది. గరిటె పైకి లాగితే గిన్నె కూడా లేచి వచ్చింది. కాస్త నాలిక మీద వేసుకుంటే పెదవులు అతుక్కుపోయాయి. ఆ సూపుతో పులి మొహాలు అంటించవచ్చు, బతికున్న మనిషి తాగలేడు.

పెదవులు విడిపడగానే అనసీల్‌ని తిట్టాడు. గిన్నె ముట్టుకోవద్దని అన్నిసార్లు చెప్పావే, పోయే ముందు ఇంకొక్కసారి చెబితే నీ నోరు అరిగిపోయేదా అన్నాడు. కిటికీ సందుల్లోంచి వీధిలోని ప్రతి ఇంటి సూపు వాసనా లోపలికి వస్తోంది. చర్చి గంటలు మోగుతున్నాయి. ఆయన అలా గరిటె పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి గరిటె కూడా చేతికి అంటుకుంది.

ఓడరేవు దగ్గర తనకి అచ్చుల మట్టి అమ్మే ముసలాయన ఉన్నాడు. మారిగో సంగతి ఆయనకి తెలియదు. అక్కడికెళ్లి ఓనే అంటే ఒక గిన్నె సూపు పోస్తాడు. కానీ వీధిలోంచి వెళ్తే అబద్ధం బయటపడుతుంది. అందరూ సూపు మీద తలొంచిన సమయం చూసి, టోపీ కళ్ల మీదికి లాక్కుని, చంకలో ఖాళీ గిన్నెతో ఒక్క గంతులో వీధి దాటి ఎదురు వరస ఇళ్ల వెనక సందులోకి దూరాడు. కాలవ పారే సందు. వీధిలో పరువుగా బతికేవాళ్లెవరూ అటు అడుగు పెట్టరు. అప్పటిదాకా ఆయన కూడా పెట్టలేదు.

సందులో బారు తీరి జనం ఉన్నారు. బొగ్గులమ్మే ముసలి సెరాఫీన్, రేవులో ఉప్పు బస్తాలు మోసేవాళ్లు, చంకలో ఒకటీ చెయ్యి పట్టుకుని ఒకటీ పిల్లలతో ఎవరో తల్లి, రోజంతా సముద్రంతో పోట్లాడే పిచ్చి లియోపోల్. అందరి చేతుల్లోనూ గిన్నెలు. బారు ఒక చిన్న కిటికీ దగ్గర ఆగుతోంది. ముందున్న మనిషి కిటికీ దగ్గర నిలబడి మెల్లగా ఓనే అన్నాడు.

"రెస్పే," అంది లోపలి గొంతు. "కాలెలా ఉంది? మళ్లీ బస్తాలు మోశావా? చెబితే వినవు కదా నువ్వు. గిన్నె ఇటియ్యి."

ఆ గొంతు మెజిదోర్‌కి తెలుసు. ఆ తిట్టూ తెలుసు. ముందన్న ఆ రెస్పే ఒక్కటే కొత్తది. ఆ గొంతు ఆ మాట అనగలదని ఆయనకి తెలియదు.

ఒక్కొక్కరే ఓనే అన్నారు. ఒక్కొక్కరికీ రెస్పే దక్కింది. లియోపోల్ గిన్నె తీసుకుని, ఇవాళ మాడు లేదా అని గద్దించాడు. "ఇవాళ అన్నం వండలేదు నాయనా. రేపు రెండు గుండిగల మాడూ నీకూ సెరాఫీన్‌కే. సముద్రాన్ని ఇవాళ్టికి వదిలెయ్యి, పండగపూట దానితో నీకెందుకు," అంది కిటికీ.

ఇన్నేళ్లుగా ముందు గుమ్మంలో అయిపోయిందని ఎందుకు అనేదో, తెర వెనక అంతసేపు ఏం చేసేదో మెజిదోర్‌కి తెలిసింది. మొదటి గరిటెలన్నీ ఇటు వస్తుంటే అటు అందరూ గోడకి చేరబడి చొక్కా తిట్లు తింటున్నారు. మాడు తినేసి ఒళ్లు పెంచిందని తను వీధి వీధంతా చెప్పాడు. ఆయనకి పట్టలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వెనక్కి తిరిగి పోదామనుకునేసరికి సెరాఫీన్ చెయ్యి పట్టుకుంది.

"కొత్తగా వచ్చావా నాయనా? మొహమాటపడకు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఓనే అను, చాలు."

ఆయన దారి ఇచ్చి ఇచ్చి అందరికన్నా వెనక మిగిలాడు. టోపీ ఇంకా కిందికి లాగి, గొంతు మార్చి ఓనే అన్నాడు.

"రెస్పే."

గిన్నె లోపలికి చాచాడు. గొంతు మార్చాడు కానీ చెయ్యి మార్చలేదు. గోళ్ల నిండా జిగురు, మణికట్టుకి అతుక్కున్న కాగితం ముక్క, ఎర్ర రంగు. లోపల గరిటె ఆగిపోయింది.

"మారిగో వెళ్లినవాడివి ఇక్కడేం చేస్తున్నావురా?"

"బండి దొరకలేదక్కా."

"మూతికి ఏమైంది?"

"సూపు చేశాను."

కిటికీలోంచి ఆయనకి గుండిగ కనిపిస్తోంది. గరిటెతో గీరిన గీతలు అడుగున తెల్లగా మెరుస్తున్నాయి. ఆవిడ జీవితంలో మొదటిసారి వంట నిజంగా అయిపోయింది.

"అయిపోయింది కదా. పోతానులే," అన్నాడు.

సెలానీజ్ గుండిగ వైపు చూసింది. ఆయన గిన్నె వైపు చూసింది.

"ఉంది," అంది.

జాక్మెల్‌లో ఆ మాట ఆవిడ నోటివెంట విన్న మనిషి మరొకరు లేరు. వెనక తలుపు దభీమని తెరుచుకుంది. ఆయన్ని లోపలికి లాగి, పీట మీద కూలేసి, ఒళ్లో ఒక గుమ్మడికాయ పడేసింది. "కొయ్యి" అంది. కోస్తుంటే ముక్కలు మేకలకా మనుషులకా అంది. క్యాబేజీ తరుగుతుంటే దాన్ని కూడా మొహం చేస్తావా అంది. చేతులు కడగమంది, కడిగితే నీళ్లన్నీ నువ్వే వాడేశావంది. కార్నివాల్‌నుంచి బాకీ పడ్డ తిట్లన్నీ ఒక్కొక్కటే వడ్డీతో వచ్చాయి. చొక్కా అయింది, పని అయింది. చివరికి, ఇలాంటి మొండి వెధవని కన్న మీ అమ్మననాలి అంది. మెజిదోర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ముక్కు బాగుంది, కళ్లు బాగున్నాయి. మరి ఇన్నాళ్లూ నా మీద దేనికక్కా కోపం?" అని అడిగాడు.

"మూతికి."

"మూతికేమైంది?"

"కొస చూడు. ఎడమ పక్క. నవ్వుతోంది." ఆవిడ కత్తి బల్ల మీద గుచ్చింది. "ఊరంతా నడిపించావు దాన్ని. రేపు ప్రతివాడూ ఓహో తాంత్ మెత్తని మనిషే అనుకున్నాడో, అయిపోయిందంటే ఎవడైనా నిలబడతాడా? బెలిజేర్ నేరుగా వంటింట్లోకొచ్చి కూర్చుంటాడు. ముందువాళ్లు నిలబడితేనే కదరా వెనకవాళ్లు తినేది. నా కోపం మీద బతుకుతోంది ఈ సందు. దానికి నువ్వు నవ్వు పూస్తావా?"

ఆ నవ్వు తను కావాలని పెట్టలేదని, చూసింది చూసినట్టు చేస్తే అదే వచ్చిందని మెజిదోర్ చెప్పబోయాడు. ఆ మాట చెబితే మళ్లీ గెంటేస్తుందని ఊరుకున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి లేచి సూపు కలిపాడు. గట్టిగా కలిపాడు. గిన్నె అంచుకి కొట్టుకుని మిరపకాయ పగిలింది.

ఇద్దరూ దాన్ని చూశారు. ఇన్నేళ్లలో ఆ వంటింట్లో కాయ పగలడం అదే మొదలు. పారబోద్దామన్నాడాయన. జనవరి ఒకటిన సూపు పారబోసేవాడు మనిషేనా అందావిడ. ఎదురెదురుగా కూర్చుని గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తాగారు. ముక్కులు కారాయి, చెవులు ఎర్రబడ్డాయి. అనసీల్ చేతి సూపు ఇంకాస్త చిక్కగా ఉండేదని మెజిదోర్ అన్నాడు. అవునంది సెలానీజ్. ఇద్దరి కళ్లల్లోంచీ ధారగా నీళ్లు కారాయి. మిరపకాయ అలాంటిది మరి.

ఆ తరవాత వచ్చిన కార్నివాల్‌కి మెజిదోర్ ఇంకో మొహం చేశాడు. ముక్కు అదే, కళ్లు అవే. ఎడమ కొసన ఒక్క పొర ఎక్కువ వేసి నవ్వు పూడ్చేశాడు. దాన్ని చూసి పసిపిల్లలు జడుసుకున్నారు, కుక్కలు సందుల్లోకి పోయాయి. సెలానీజ్ అటూ ఇటూ తిరిగి చూసి, ఇదీ నా మొహమంటే అని, ముందు గుమ్మం మీద తగిలించింది. పాతదాన్ని తగలబెట్టమంది. తగలబెట్టానని మెజిదోర్ చెప్పాడు. అది ఆయన పడక గదిలో ఇప్పటికీ ఉంది. సందు సంగతి ఎవరితోనూ అనకూడదని మాట తీసుకుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ అనలేదు.

సెలానీజ్ ఒక శనివారం పోయింది. గుండిగ దించి, వెనకవాళ్లకి పెట్టి, ముందు గుమ్మంలో అయిపోయిందని చెప్పి, తెర వెనక కుర్చీలో నడుం వాల్చింది. మళ్లీ లేవలేదు. వీధంతా మామూలుగా గోడకి చేరబడి నిలబడింది. తిట్లు మొదలవుతాయని చాలాసేపు చూసింది. ఆవిడ చెప్పిన మాట నమ్మడం వాళ్లకి అలవాటు లేదు.

కొట్టు మేనగోడలు విద్లీన్ చేతికొచ్చింది. వంట అచ్చం అత్తదే. మనిషి మాత్రం వెన్నపూస. మొదటిరోజు బెలిజేర్ వచ్చి ఓనే అంటే, "రెస్పే, రండి బాబాయిగారూ, కూర్చోండి. వేడివేడిగా ఉంది," అంది నవ్వుతూ. బెలిజేర్ నిలబడ్డచోటే నిలబడి, ఇది నిన్నటిదా అని అడిగాడు. కాదంది. కుర్చీ వైపు అనుమానంగా చూసి, ఏదో పని ఉందని వెళ్లిపోయాడు. పంతుళ్లూ అంతే. అంత సులభంగా దొరుకుతోందంటే అందులో ఏదో లోపముందని వీధి నిర్ణయించింది. ముందు గుమ్మంలో వచ్చేవాళ్లు తగ్గారు. ముందు బేరం తగ్గితే వెనక కిటికీ ఎన్నాళ్లు తెరుచుకుంటుందని మెజిదోర్‌కి ఒళ్లు మండింది.

విద్లీన్‌ని కూర్చోబెట్టి కోపం నేర్పాడు. ఆ పిల్ల కళ్లు ఉరిమేది, ముక్కు ఎగరేసేది, అయిపోయింది అనేది. ఎడమ కొసన నవ్వు వచ్చేసేది. వారసత్వం. లాభం లేదని ఆయన నిచ్చెన వేసుకుని గుమ్మం మీది మొహం దించాడు, దుమ్ము దులిపాడు, లోపల పట్టీ బిగించి ఆ పిల్ల తలకి తొడిగాడు.

మధ్యాహ్నం బెలిజేర్ అటుగా వెళ్తూ, ఆశ లేకుండానే గుమ్మం దగ్గర ఆగాడు.

"ఓనే."

"అయిపోయింది," అంది కాగితం మొహం. "ఆ చొక్కా ఏమిటి?"

బెలిజేర్ టోపీ తీశాడు. మొహమంతా వెలిగిపోయింది. గోడకి చేరబడి, పక్కన నిలబడ్డ మెజిదోర్ వైపు తిరిగి, "హమ్మయ్య, భోజనం ఉందన్నమాట," అన్నాడు.